క్వార్టర్‌బ్యాక్‌లు, వారి కాలాలు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో దాడికి దిగిన జట్టు ఆట మొదలుపెట్టగానే బంతి క్వార్టర్‌బ్యాక్ చేతికి వస్తుంది. పరుగెత్తే ఆటగాడికి అందించాలా, దూరాన ఉన్న సహచరుడికి విసరాలా, తానే పరుగు తీయాలా అన్నది రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాల్సినవాడు అతడే. ఈ స్థానంలో అందరికన్నా గొప్ప ఎవరన్న వాదన అమెరికాలో తరతరాలుగా తెగడం లేదు. తెగకపోవడానికి పెద్ద కారణం, ఆట పేరు అదే అయినా ఆట అదే కాకపోవడం.

బంతిని ముందుకు విసరడాన్ని 1906లో గానీ అనుమతించలేదు. ఆ తర్వాత కూడా చాలాకాలం ప్రధాన వృత్తి లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పాస్ విసిరేవాడు ఆట మొదలైన గీతకు కనీసం 5 గజాలు వెనక ఉండాల్సివచ్చేది. 1933లో ఆ షరతు పోయింది. మరుసటి ఏడాది బంతిని సన్నగా చేయడంతో చేతికి పట్టు చిక్కింది. 1937లో వాషింగ్టన్ జట్టులోకి వచ్చిన శామీ బా పాస్‌ను అత్యవసర సాధనం స్థాయి నుంచి నిత్యాయుధంగా మార్చాడు. అప్పట్లో ఆటగాళ్లు దాడిలోనూ రక్షణలోనూ ఆడేవారు. 1943లో పూర్తయిన పాస్‌లలో, బంతిని దూరం తన్నడంలో, ప్రత్యర్థి పాస్‌లను మధ్యలో పట్టేయడంలో, మూడింటిలోనూ లీగ్ మొత్తానికి అతడే మొదటివాడు. రక్షణలో ఒక్క క్షణం కూడా నిలబడని నేటి క్వార్టర్‌బ్యాక్‌ను ఇతడితో ఏ తూకంలో తూచాలి?

అదే ఏడాది షికాగో బేర్స్ ఆటగాడు సిడ్ లక్‌మన్ 10 మ్యాచ్‌లలో, బంతిని ప్రత్యర్థి గీత దాటించి పాయింట్లు తెచ్చే టచ్‌డౌన్ పాస్‌లు 28 విసిరాడు. 1984లో డాన్ మరీనో విసిరినవి 48, కానీ 16 మ్యాచ్‌లలో. మ్యాచ్‌కు లెక్కేస్తే ఒకరిది 2.8, మరొకరిది 3. తేడా అంతే. అయితే 1943లో ఎందరో ఆటగాళ్లు యుద్ధానికి వెళ్లిపోయి జట్లు బలహీనపడ్డాయన్నదీ మరవకూడదు.

బాల్టిమోర్ కోల్ట్స్ ఆటగాడు జానీ యూనిటస్ 1956 నుంచి 1960 దాకా వరుసగా 47 మ్యాచ్‌లలో కనీసం ఒక్కో టచ్‌డౌన్ పాస్ వేశాడు. ఆ రికార్డు 2012 వరకు చెక్కుచెదరలేదు. తర్వాత ఏ ఎత్తు వేయాలో అతడు మైదానంలో తానే నిర్ణయించేవాడు. శిక్షకుడి ఆదేశాలు హెల్మెట్‌లోని రేడియోలో వినిపించే సదుపాయం లీగ్‌లో 1994లో స్థిరపడింది. అయినా పాస్‌లను కొలిచే రేటింగ్‌లో యూనిటస్ జీవితకాల అంకె 78.2 మాత్రమే. ఈ రేటింగ్ సూత్రాన్ని 1973లో అమల్లోకి తెచ్చినప్పుడు సగటు ఆటగాడికి దాదాపు 67 వచ్చేలా కూర్చారు. ఇవాళ లీగ్ సగటే 90 దరిదాపుల్లో ఉంది. అంటే తన రోజుల్లో శిఖరం మీద నిలిచినవాడు నేటి పట్టికలో సగటుకన్నా కింద కనిపిస్తాడు. ఆ పట్టికను నమ్మి తీర్పు చెప్పడం అన్యాయం.

సగటు అంతగా పెరగడానికి మూలం 1978 నిబంధనల్లో ఉంది. అంతకుముందు పాస్ అందుకోబోయే ఆటగాణ్ని రక్షకులు మైదానమంతా తోస్తూ, అడ్డుపడుతూ వెంటాడేవారు. 1967లో జో నేమత్ ఒక్క సీజన్‌లో పాస్‌లతో 4,000 గజాలు దాటిన మొదటివాడయ్యాడు. ఆ సీజన్‌లోనే అతడి టచ్‌డౌన్ పాస్‌లు 26, ప్రత్యర్థుల చేతికి చిక్కినవి 28. ఆనాటికి అదేమీ వింత కాదు. 1977లో మ్యాచ్‌కు ఒక్కో జట్టుకు సగటున 17.2 పాయింట్లే రావడంతో లీగ్ మేల్కొంది. 5 గజాలు దాటాక రిసీవర్‌ను తాకకూడదంది. క్వార్టర్‌బ్యాక్‌ను కాచేవారికి చేతులు చాచి అరచేతులతో అడ్డుకునే వీలిచ్చింది. సీజన్‌ను 14 మ్యాచ్‌ల నుంచి 16కు పెంచింది. 1984లో మరీనో విసిరిన 5,084 గజాలు ఈ నేలమీద పండినవే. 2004లో ఆ 5 గజాల నియమాన్ని మళ్లీ గట్టిగా అమలుచేశారు, పేటన్ మానింగ్ 49 టచ్‌డౌన్‌లు వేశాడు. 2013లో అతడివి 55.

అసలు బరిలోకే రానివ్వని వారి మాటేమిటి? నల్లజాతి ఆటగాళ్లను చాలాకాలం ఈ స్థానానికి దూరంగా ఉంచారు. కాలేజీ ఫుట్‌బాల్‌లోని 1978 రోజ్ బౌల్ మ్యాచ్‌లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయాన్ని గెలిపించిన వారెన్ మూన్‌ను ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు ఏదీ ఎంచుకోలేదు. కెనడాలో ఎడ్మంటన్ జట్టుకు ఆడి, అక్కడి లీగ్ టైటిల్ గ్రే కప్‌ను వరుసగా అయిదుసార్లు గెలిచాక 1984లో హ్యూస్టన్ పిలిచింది. అతడి ఎన్‌ఎఫ్‌ఎల్ లెక్కలో ఉన్నవి 49,325 గజాలు. కెనడాలో గడిచిన ఆరేళ్లు ఆ లెక్కకు ఎక్కవు.

టైటిళ్లతో కొలిచినా ఇదే చిక్కు. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌కు ఆటో గ్రాహం 1946 నుంచి 1955 వరకు ఆడిన పది సీజన్లలోనూ జట్టు ఫైనల్ చేరి ఏడు గెలిచింది. టామ్ బ్రేడీ 23 సీజన్లలో పది సూపర్ బౌల్‌లు (ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనళ్లు) ఆడి ఏడు గెలిచాడు. గ్రాహం గెలిచినవాటిలో నాలుగు ఎన్‌ఎఫ్‌ఎల్‌కు పోటీగా నాలుగేళ్లే నడిచిన లీగ్‌లోవి. తర్వాత చేరిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లోనూ జట్లు పదమూడుకు మించవు, తమ విభాగంలో మొదట నిలిస్తే మామూలుగా నేరుగా ఫైనలే. బ్రేడీ కాలంలో జట్లు 32 అయ్యాయి, ఫైనల్‌కు ముందే నాకౌట్ మ్యాచ్‌లు రెండో మూడో గెలవాలి. అయితే గ్రాహంను కాపాడే నిబంధనలు ఇన్ని ఉండేవి కావు. పదేళ్లలో ఒక్కసారీ ఫైనల్ తప్పని క్వార్టర్‌బ్యాక్ అతడి తర్వాత మరొకడు రాలేదు.