ఓడరేవు నుంచి గుడిసె దాకా

బంగాళాఖాతంలో అల్పపీడనం వాయుగుండంగా మారిందంటే చాలు, మచిలీపట్నం, కాకినాడ రేవుల్లో ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారన్న మాట వినపడుతుంది. వినీ వినీ అలవాటైపోయిన మాట. నిజానికి ఆ నంబర్లు మన కోసం పుట్టినవి కావు, ఓడల కోసం పుట్టినవి. అవి మొత్తం పదకొండు. పగలైతే స్తంభానికి శంకువులు, పీపాల ఆకారాలు కడతారు, రాత్రయితే దీపాలు వేలాడదీస్తారు. పదో నంబరంటే మహా తుపాను రేవు మీదుగానో, దాని పక్కనుంచో పోతుందని. పదకొండో నంబరుకు అర్థం, హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని! ఆ స్తంభం వైపు చూసేది రేవులో ఉన్న సరంగులు. పొలాల మధ్య తాటాకు గుడిసెలో ఉన్న కూలీకి ఆ స్తంభం కనపడదు.

1839 నవంబరులో గోదావరి పాయ మీది కోరంగి రేవును ఉప్పెన తుడిచిపెట్టింది. అంతకు యాభై ఏళ్ల ముందు, 1789లోనూ ఆ ఊరు ఇలాగే మునిగింది. ఆ రోజుల్లో కలకత్తాలో హెన్రీ పిడ్డింగ్టన్ అనే ఆంగ్లేయుడు ఓడల దినచర్య పుస్తకాలు ముందేసుకుని, ఏ ఓడకు ఏ దిక్కు గాలి తగిలిందో పోల్చిచూస్తూ మన సముద్రపు గాలివానలను అధ్యయనం చేశాడు. చుట్ట చుట్టుకున్న పాము గుర్తుకొచ్చేలా ‘సైక్లోన్’ అని పేరు పెట్టాడు. 1848లో ఆయన అచ్చువేయించిన పుస్తకం నావికుల కోసమే.

1864 అక్టోబరులో కలకత్తా, నెల తిరక్కుండానే మచిలీపట్నం (బందరు) తుపాన్లకు దెబ్బతిన్నాయి. బందరులో పోయినవారు దాదాపు 30 వేల మంది. మరుసటి ఏడాది కలకత్తా రేవుకు తుపాను హెచ్చరికలు మొదలయ్యాయి. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. బందరులో సముద్రం ముంచింది ఓడలనే కాదు, ఊరి వీధులనూ. కబురు మాత్రం ముందుగా రేవుకే వచ్చింది.

ఇక దివిసీమ. దేశంలోనే మొదటి తుపాను రాడార్ 1970లో విశాఖపట్నంలో వెలిసింది. 1977 నవంబరు 19 నాటికి సముద్రంలో తుపాను ఉందన్న సంగతి రహస్యమేమీ కాదు, హెచ్చరికలూ వెలువడ్డాయి. అయినా సర్కారు లెక్క ప్రకారమే సుమారు పదివేల మంది పోయారు. ఎందుకు? గాలి వస్తుందనగానే తీరంలో జనం చేసేది ఇంట్లోకి వెళ్లి తలుపులు బిగించుకోవడం. ఆ రోజు చంపింది గాలికన్నా నీరు. తీరం దగ్గర లోతు తక్కువైన సముద్రాన్ని గాలి నెడుతూ నెడుతూ తెచ్చి, కృష్ణ పాయల నడుమ పల్లంలో ఉన్న ఆ సీమ మీద ఐదు మీటర్ల ఎత్తున పోసింది. అలాంటి నీటికి తలుపు అడ్డమా? పరుగెత్తడానికి మెరక లేదు, ఎక్కడానికి మేడ లేదు. ఎక్కడికి పోవాలో చెప్పని హెచ్చరిక సగం హెచ్చరికేనన్నది నా నమ్మకం. దివిసీమను తలచుకున్నప్పుడల్లా అది మరింత గట్టిపడుతుంది.

ఆ తర్వాతే తీరమంతటా తుపాను షెల్టర్లు లేచాయి. ఇన్సాట్ ఉపగ్రహాలు పైనుంచి మేఘాన్ని చూపించడం మొదలైంది. 1990 మేలో కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటిన తుపాను దివిసీమదానికి ఏమాత్రం తీసిపోనిది. లక్షల మందిని ముందే తరలించారు, మరణాలు వెయ్యికి లోపే ఆగాయి. ఆరేళ్లకే, 1996 నవంబరు 6న, గోదావరి పాయల నడుమ ఉన్న కోనసీమ తుపానుకు విలపించింది. సముద్రం మీదికి వెళ్లిన మత్స్యకారులెందరో ఇంటికి రాలేదు. రేవుకు కబురు చెప్పడం ఎప్పుడో నేర్చుకున్నాం, చిన్న పడవకు చెప్పడం మాత్రం అప్పటికింకా రాలేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ నగరం మీదే తీరం దాటింది. అది ఎటు వస్తుందో రోజుల ముందే తెలుసు. నగరం చెట్లెన్నో కోల్పోయింది, కైలాసగిరి మీది రాడార్ కూడా దెబ్బతింది. ప్రాణనష్టం మాత్రం పదుల్లోనే నిలిచింది.

వరదల దగ్గర మాత్రం ఆ సగం హెచ్చరికే మిగిలింది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీరొచ్చింది. అది కృష్ణమ్మ, అందరి కళ్లూ ఆమె మీదే. విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచింది మాత్రం గండ్లు పడిన బుడమేరు వాగు. భారీ వర్షాలు పడతాయన్న సూచన ఉంది. తమ వీధిలోకి ఎన్ని అడుగుల నీరొస్తుందో, ఎన్నింటికి వస్తుందో తెలియకనే జనం ముంపుకు ముందు రాత్రి పడుకున్నారు.