కిడ్నీ తిత్తి గోడలో కాల్షియం: అనుమానం నుంచి నిర్ధారణ దాకా

వయసు పైబడిన చాలామంది కిడ్నీల్లో నీటితిత్తులు ఉంటాయి. పల్చని గోడ, లోపల నీరు మాత్రమే ఉంటే వాటి జోలికి వెళ్లనక్కర్లేదు. కొన్ని తిత్తుల గోడలో మాత్రం కాల్షియం పేరుకుంటుంది. లోపల ఎప్పుడో రక్తం కారి, లేదా ఇన్ఫెక్షన్ సోకి మానిన చోట ఇలా జరుగుతుంది. క్యాన్సర్ గడ్డల్లోనూ జరుగుతుంది. చిక్కంతా అక్కడే.

సాదా ఎక్స్‌రేలో తిత్తిగోడ తెలియదు, కాల్షియం తెల్లగా కనిపిస్తుంది. అందుకే మొదట్లో దాని ఆకారాన్ని బట్టే అంచనా వేసేవారు. 1972లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు తమ పదేళ్ల కేసులు తిరగేశారు. గడ్డ నడుమ కాల్షియం ఉన్నవాటిలో అత్యధికం క్యాన్సర్లే. అంచు వెంబడి గుడ్డుపెంకులా ఉన్నవాటిలో ఎక్కువ భాగం హాని లేనివే అయినా, ఇంచుమించు ఐదింట ఒకటి క్యాన్సర్‌గా తేలింది. ఐదింట ఒకటంటే ఏ సర్జన్‌కైనా కంటిమీద కునుకు పట్టని లెక్క. అనుమానం తీరాలంటే చాలాసార్లు ఆపరేషనే దారి.

1971లో లండన్‌లో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ సీటీ స్కాన్‌తో తొలి రోగిని పరీక్షించాక చూపు మారడం మొదలైంది. 1986లో న్యూయార్క్ రేడియాలజిస్టు మోర్టన్ బోస్నియాక్ తిత్తులను నాలుగు తరగతులుగా విడదీశాడు. సన్నని కాల్షియం గీత ఉంటే రెండో తరగతి. మందంగా, గరుకుగా ఉంటే మూడో తరగతి, అంటే కత్తి పట్టాల్సిందే. రెంటికీ మధ్య పడేవాటిని గమనిస్తూ ఉండేందుకు 1993లో ‘2ఎఫ్’ తరగతి చేర్చాడు. వాటికి ఆరు నెలలకు, ఏడాదికి, ఆపై అయిదేళ్ల దాకా ఏటా స్కాన్ తీయడం తర్వాత ఆనవాయితీ అయింది.

అసలు మలుపు 2003లో వచ్చింది. గ్యారీ ఇజ్రాయెల్‌తో కలిసి బోస్నియాక్ తన పాత నియమాన్నే తిరిగి పరీక్షించాడు. తన వర్గీకరణను తానే సడలించుకోవడం పెద్ద మనసున్న పని. కాల్షియం ఎంత మందంగా ఉందన్నది కాదు, దాని పక్కన రక్తం ప్రవహించే కణజాలం ఉందా లేదా అన్నదే ముఖ్యమని ఆ పరిశీలనలో తేలింది. దాన్ని పట్టుకునే పద్ధతి సూటిగా ఉంటుంది: నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించక ముందు ఒకసారి, ఎక్కించాక మరోసారి అదే చోట సాంద్రత కొలుస్తారు. 20 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు, అంతకు మించి పెరిగితే అక్కడ సజీవ కణజాలం ఉన్నట్టే.

2019లో స్టువర్ట్ సిల్వర్‌మన్ బృందం సవరించిన వర్గీకరణలో, గోడ, తిత్తి లోపలి అడ్డుపొరలు పల్చగా ఉండి, ఆ పొరలు కొద్దిగానే ఉంటే కాల్షియం ఏ రూపంలో ఉన్నా అది రెండో తరగతే. దట్టమైన కాల్షియం సీటీలో పక్కనున్నదాన్ని మరుగుపరిస్తే, తరగతి తేల్చేముందు ఎంఆర్ఐ తీయమని ఆ వర్గీకరణ సూచిస్తుంది.