ఆదవాని కోట - రహస్యలిపి



మా ఆదోనిని పూర్వులు ఆదవాని అనెడివారు. 1688లో ఔరంగజేబు సేనాని ఫిరోజ్ జంగ్ ఇచ్చటి కొండకోటను ముట్టడించినాడు. కోటను ఏలుచున్న సిద్ది మసూద్ ఖానునకు తాను కట్టించిన జామియా మసీదు ప్రాణసమానమని ఎరిగి, శత్రువులు ఫిరంగులను దానివైపు త్రిప్పిరనియు, దానిని కాపాడుకొనుటకై అతడు కోటనే అప్పగించెననియు చెప్పుదురు. గోడ ఓడలేదు, కావలివాని మనస్సు ఓడినది.

ఈ కథ ఇప్పుడేల అందురా? వినుడు.

1953 అక్టోబరు 1 వరకు ఎమ్మిగనూరుతో కూడిన ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలోనిది. ఆ జిల్లాలోని హడగలిలోనే 1920లో తెలుగు కుటుంబమున కల్యంపూడి రాధాకృష్ణారావు జన్మించినారు. జిల్లాను పంచినప్పుడు హడగలి మైసూరునకు పోయినది, మేము ఆంధ్రకు వచ్చితిమి. 1947లో రావుగారు ప్రకటించిన 'ఆర్తోగొనల్ ఎర్రే'లు ఒక తీరు అంకెల పట్టికలు. నియమిత సంఖ్యలో ఏ నిలువు వరుసలను తీసికొన్నను గుర్తుల కూర్పులన్నియు సమానముగా వచ్చును. ప్రయోగముల రూపకల్పనకై పుట్టిన ఈ పట్టికలు, రహస్యమును పలువురికి పంచి దాచు విద్యకును పిదప అక్కరకు వచ్చినవి. అట్లు పంచినచో, కావలసిన వారిలో ఒక్కరు తక్కువైనను గుట్టు తెలియదు.

ఆయన పేర 2007లో హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆవరణలో, ప్రభుత్వ తోడ్పాటుతో, గణిత, గణాంక, కంప్యూటరు శాస్త్రముల ఉన్నత సంస్థ వెలసినది. రహస్యలిపి, సమాచార భద్రత దాని ముఖ్య పరిశోధనలలోనివి. అంతకు మునుపే, 1996లో, రిజర్వు బ్యాంకు హైదరాబాదున ఐ.డి.ఆర్.బి.టి.ని నెలకొల్పినది. బ్యాంకుల కొరకే 'ఇన్ఫినెట్' అను జాలమును 1999లో ఆరంభించిన ఆ సంస్థ, అదే విశ్వవిద్యాలయముతో కలిసి ఎం.టెక్. చదువును నడిపినది. రాజాశ్రయము, విద్వత్తు కలిసినగాని ఇట్టి కోటలు లేవవు.

రావుగారు 2023 ఆగస్టులో, 102 ఏండ్ల వయస్సున, అమెరికాలో కన్నుమూసినారు. ఆ మరుసటి ఏడే నాకొక ఫోను వచ్చినది. జీవన ప్రమాణపత్రము అందలేదట, పింఛను ఆగిపోవునట! ముప్పదియేండ్లు పిల్లలకు సంధులు, సమాసములు చెప్పిన నేను, వచ్చిన ఆరు అంకెలను తడబడక చదివి వినిపించితిని. ఒక నెల పింఛను పోయినది. రహస్యలిపిని ఎవ్వరును ఛేదించలేదు. ఫిరంగిని మాత్రము నా మసీదువైపు త్రిప్పినారు.

హైదరాబాదులోని పండితులు గోడలు కట్టుచున్నారు, సంతోషమే. ఎమ్మిగనూరు నేతగాని చేతిలోను, నా వంటి వృద్ధుని చేతిలోను ఉన్న తాళముచెవి మాటయో? ఆ పాఠము చెప్పుటకు వారిలో కొందరైనను మా ఊళ్ళకు రావలెను. అంతవరకు, అంకెలడిగిన వానికి బదులీయకుడు. ఇది ఓడిన కావలివాని మాట.