కథలతో సాంఘిక శాస్త్రం: చిన్న పిల్లలకి ఎలా చెప్పాలి?

మనం చదువుకునే రోజుల్లో సోషల్ అంటే తేదీలు, రాజుల పేర్లు బట్టీ పట్టడమే. పరీక్ష అవగానే సగం మర్చిపోయేవాళ్ళం. కానీ అమ్మమ్మ చెప్పిన కథలు మాత్రం ఇప్పటికీ గుర్తున్నాయి. నిజానికి పాఠాన్ని కథగా చెప్పడం మనకి కొత్త కాదు. చదువబ్బని ముగ్గురు రాజకుమారులకి విష్ణుశర్మ ఆరు నెలల్లో రాజనీతి నేర్పింది కథలతోనే అని పంచతంత్రం చెబుతుంది.

ఇక్కడ అమెరికా బడుల్లో చిన్న తరగతుల సోషల్ పాఠాలు చాలావరకు దగ్గర నుంచి దూరానికి వెళ్తాయి. ముందు నేను, నా కుటుంబం, తర్వాత మా వీధి, ఊరు, రాష్ట్రం, దేశం. ఈ వరుసని బాగా ప్రచారంలోకి తెచ్చినవారు స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసరు పాల్ హన్నా. కెనడాలో పనిచేసిన విద్యావేత్త కీరన్ ఈగన్ దీన్ని ప్రశ్నించారు. పిల్లలు ఎన్నడూ చూడని రాక్షసుల కథలు ఇట్టే అర్థం చేసుకుంటారు కదా, ధైర్యం-భయం, న్యాయం-అన్యాయం వంటి జంటలు పట్టుకుంటే దూరపు చరిత్ర కూడా వాళ్ళకి అందుతుందని ఆయన వాదన.

రూబీ బ్రిడ్జెస్ కథే చూడండి. 1960 నవంబరు 14న న్యూ ఆర్లీన్స్‌లో, అంతవరకూ తెల్లపిల్లలకే పరిమితమైన బడికి ఆరేళ్ళ రూబీ ఫెడరల్ మార్షల్స్ కాపలాతో వెళ్ళింది. మిగతా తల్లిదండ్రులు తమ పిల్లల్ని మానిపించేస్తే, ఒకే ఒక్క టీచరు దగ్గర ఒంటరిగా చదువుకుంది. వర్ణవివక్ష అన్న మాట తెలియని పిల్లలకి కూడా ఖాళీ క్లాసురూము అర్థమవుతుంది.

అయితే కథతో ఒక చిక్కుంది. రెండో తరగతి చదివే మా అమ్మాయి, జార్జి వాషింగ్టన్ చెర్రీ చెట్టు కథ విని "ఇది నిజంగా జరిగిందా నాన్నా?" అంది. నేనూ నిజమే అనుకున్నాను. వెతికితే తేలిందేమిటంటే, వాషింగ్టన్ 1799లో పోయాక మేసన్ వీమ్స్ అనే రచయిత తన పుస్తకంలో చేర్చిన కథ అది. నిజాయితీ గురించి చెప్పే కథే కల్పితం! రోజా పార్క్స్ సంగతీ అంతే. 1955లో ఆవిడ కాళ్ళు నొప్పులై బస్సులో సీటు వదల్లేదని చెబుతుంటారు. ఆవిడ అప్పటికే ఏళ్ళ తరబడి పౌరహక్కుల సంఘంలో కార్యదర్శి. ఆ తర్వాత బస్సు బహిష్కరణ 381 రోజులు సాగింది. ఇది చెప్పకపోతే మార్పు ఒక్కరి వల్ల, ఒక్క రోజులో వస్తుందని పిల్లలు అనుకుంటారు.

అందుకని కథ చెప్పేటప్పుడు ఈ నాలుగూ గుర్తుంచుకోండి:

1. జరిగిన చోటు మ్యాపులో చూపించండి.
2. "అప్పటికి తాతయ్య ఎంతవాడు?" అని లెక్క వేయించండి.
3. ఇందులో ఇంకా ఎవరున్నారు, వాళ్ళేమనుకున్నారు అని అడగండి.
4. ఇది మనకెలా తెలిసింది అని అడగండి. జరిగిందో, కల్పితమో దాచకుండా చెప్పండి.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే, మీరు ఈ దేశం ఎందుకు వచ్చారో, ఏమేమి వదిలి వచ్చారో ఈ రాత్రి చెప్పండి. మీ పిల్లలకి అదే మొదటి చరిత్ర పాఠం.