ఓర్చుకున్న చేప

రంగుచేపల వ్యాపార చరిత్రను అవి ప్రయాణించిన పాత్రల చరిత్రగా చదవాలి. ఏ చేప మన ఇళ్లకు చేరాలో తేల్చింది దాని అందం కన్నా ముందు దాని ఓర్పు. చైనాలో సోంగ్ రాజుల కాలానికే పెంపుడు చేప అయిన గోల్డ్‌ఫిష్ పదిహేడో శతాబ్దంలో ఓడలెక్కి యూరప్ చేరగలిగిందంటే, నీళ్లలో ప్రాణవాయువు బాగా తగ్గినా అది తట్టుకుంటుంది కాబట్టే. చల్లటి నీళ్లలో గాలి పూర్తిగా కరువైనా దాని ఒళ్లు వేరే దారిలో శక్తిని పుట్టించుకుని, వ్యర్థాన్ని ఆల్కహాల్‌గా మార్చి మొప్పల గుండా వదిలేస్తుంది. 1869లో చైనా నుంచి పారిస్‌లోని చేపల పెంపకందారు పియెర్ కార్బొన్నియే చేతికి వచ్చిన పారడైజ్ చేపదీ అదే కథ. నీటి పైకొచ్చి నేరుగా గాలి పీల్చుకునే అవయవం దానికి ఉంది. దారిలో చాలా చేపలు చనిపోయినా, మిగిలినవాటితో ఆయన సంతతిని పెంచగలిగాడు. ఇలా బతికి బట్టకట్టినవాటిని చూసే చేపకు పెద్దగా ఏమీ అక్కర్లేదన్న నమ్మకం పాతుకుపోయింది. ఓర్చుకోవడాన్ని బాగుండటమని పొరబడ్డాం. ఆ పొరపాటు ఇప్పటికీ దుకాణాల్లో అలాగే ఉంది.

మన దేశంలో మోసుకెళ్లే పద్ధతి ఎలా మారిందో చూడండి. బెంగాల్ నదుల్లో పట్టిన చేపపిల్లలను మట్టి హండీల్లో రైలెక్కించేవారు. హండీ మూతి తెరిచే ఉండేది. వెంట వెళ్లే మనిషి చేత్తో నీళ్లు కదుపుతూ గాలి కలిపేవాడు, చచ్చినవాటిని ఏరేసేవాడు. చావులు ఎక్కువే, కానీ చేపను చూసుకునే కన్ను ఒకటి వెంట ఉండేది. ఆక్సిజన్ నింపిన పాలిథీన్ కవరు వచ్చాక ఆ కన్ను అక్కర్లేకపోయింది. కవరులో మూడో వంతు నీళ్లు, మిగతాది ఆక్సిజన్, మూతికి బిగించిన రబ్బరు బ్యాండు. నీళ్లు పాడవకుండా ముందే ఒకటి రెండు రోజుల పస్తు. చేప వదిలిన బొగ్గుపులుసు వాయువు బయటికి పోలేక నీటికి ఆమ్లగుణం తెస్తుంది. ఆ గుణం వల్లే, పేరుకున్న అమ్మోనియా చాలావరకు విషం కాకుండా అణిగి ఉంటుంది. కవరు విప్పగానే వాయువు ఎగిరిపోతుంది, అణిగి ఉన్న అమ్మోనియా విషమై మొప్పలను దెబ్బతీస్తుంది. అందుకే, విప్పిన క్షణంలో ఈదుతూ కనిపించిన చేప క్షేమంగా చేరిందనుకోకూడదు. ప్రయాణపు దెబ్బ దుకాణపు తొట్టిలోనో, కొన్నవాళ్ల ఇంట్లోనో బయటపడుతుంది. ఆ చావును రవాణా లెక్కలో ఎవరూ రాయరు.

చేప చస్తే నష్టం వ్యాపారికే కదా, జాగ్రత్త వాళ్లే పడతారని కొందరంటారు. ఖరీదైన చేప విషయంలో అది నిజం. పదీ ఇరవై రూపాయల చేపకు, జాగ్రత్త పడటం కన్నా కొత్తది తెప్పించుకోవడమే చవక. ఫైటర్ చేప గుంటల్లోనే బతుకుతుంది కాబట్టి గ్లాసెడు నీళ్లు చాలన్నది మరో మాట. అది పుట్టింది థాయ్‌లాండ్ వరిపొలాల్లాంటి చోట్ల. అక్కడ నీళ్లు లోతు తక్కువే అయినా వెడల్పుగా, వెచ్చగా, మొక్కలతో నిండి ఉంటాయి. ఎండాకాలంలో గుంటలో ఇరుక్కుని బతికిందంటే అది ఆపదను దాటడం, దాన్నే జీవితకాలం శిక్షగా వేయడానికి సాకు కాదు. ఇక చేపకు నొప్పి తెలియదనే వాదన. ఎడిన్‌బరోలో లిన్ స్నెడన్ బృందం 2003లో ప్రచురించిన ప్రయోగంలో, పెదాల్లోకి ఆమ్లం ఎక్కించిన ట్రౌట్ చేపలు మేత మానేశాయి, నోటిని తొట్టి అడుగు రాళ్లకు రుద్దుకున్నాయి. నొప్పి అంటే ఏమిటన్న చర్చ శాస్త్రవేత్తల్లో ఇంకా నడుస్తున్నా, అది తేలేదాకా అనుమానపు లాభం చేపకే ఇవ్వడం న్యాయం.

మన చట్టం ఆ లాభం ఎప్పుడో ఇచ్చింది. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం మనిషి కాని ప్రతి ప్రాణీ జంతువే, అనవసరమైన బాధ కలిగేలా తరలించడం నేరమే. 2017 మేలో కేంద్రం అక్వేరియం దుకాణాలకు ప్రత్యేక నియమాలు తెచ్చి, గాజు గిన్నెల్లో చేపలను ఉంచకూడదంది. చెన్నై కొళత్తూరు లాంటి చోట్ల వేల కుటుంబాలు రంగుచేపల వ్యాపారం మీదే బతుకుతున్నాయి కాబట్టి ఉపాధి పోతుందన్న భయం అర్థం చేసుకోదగ్గదే. కానీ ఆ నియమాలను సవరించకుండా కేంద్రం తర్వాత మొత్తంగా ఉపసంహరించుకోవడం పొరపాటు. కవరులో ఉంచే గంటలకు హద్దు, వచ్చిన చేపను కొన్నాళ్లు విడిగా ఉంచి అమ్మడం, గిన్నెల బదులు తొట్లు: వీటికయ్యే ఖర్చు చిన్న దుకాణం భరించలేనిది కాదు. నియమాలు మళ్లీ వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఈసారి దుకాణానికి వెళ్తే, ఆ చేప ఏ రోజు వచ్చిందో అడగండి. నిన్నో మొన్నో దిగినదైతే కొనకండి.