సైక్లోన్ ప్రిపేర్డ్‌నెస్ ప్రోగ్రాం (బంగ్లాదేశ్)

తుఫాను హెచ్చరికను గడప గడపకూ చేర్చి, జనాన్ని ఆశ్రయ కేంద్రాలకు తరలించేందుకు బంగ్లాదేశ్ తీరంలో పనిచేస్తున్న స్వచ్ఛంద కార్యకర్తల వ్యవస్థ ఇది. క్లుప్తంగా సీపీపీ అంటారు. ప్రభుత్వం, ఆ దేశపు రెడ్ క్రెసెంట్ సొసైటీ కలిసి నడుపుతున్నాయి. సుమారు 76,000 మంది కార్యకర్తలున్నారు. ఎవరికీ జీతం లేదు.

1970 నవంబరులో భోలా తుఫాను అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో 3 నుంచి 5 లక్షల మందిని పొట్టన పెట్టుకుంది. తుఫాను వస్తోందని చాలామందికి ముందే తెలుసు. ఉప్పెన ఎంత ఎత్తున వస్తుందో, ఎటు పోవాలో చెప్పినవారే లేరు. పోదామన్నా లంకల్లో గట్టి కట్టడాలు లేవు. ఆ అనుభవంతోనే 1972లో సీపీపీ మొదలైంది. మరుసటి ఏడాది ప్రభుత్వం చేయి కలిపింది.

యూనిట్‌కు 20 మంది, అందరూ ఆ ఊరివాళ్లే. హెచ్చరిక, ఆశ్రయం, గాలింపు, ప్రథమ చికిత్స వంటి పనులను బృందాలుగా పంచుకుంటారు. ప్రమాద సూచిక నంబరు పెరిగేకొద్దీ ఒకటి, రెండు, మూడు జెండాలు ఎగరేస్తారు. మూడో జెండా లేచిందంటే ఇల్లు వదలాల్సిందే. చేతి మైకు, సైరన్ పట్టుకుని వీధులన్నీ తిరుగుతారు. అయినా అసలు బలం సామగ్రిలో లేదు. రేడియో ఎంత మొత్తుకున్నా కదలని ముసలమ్మ, పక్కింటి పిల్ల వచ్చి చేయి పట్టుకుంటే లేస్తుంది.

1991 ఏప్రిల్ తుఫానులో దాదాపు 1,38,000 మంది చనిపోయారు. హెచ్చరిక అందింది కానీ ఆశ్రయ కేంద్రాలు చాలలేదు. మృతుల్లో ఆడవాళ్లు, పిల్లలే ఎక్కువ. మగవాళ్లతో కిక్కిరిసిన గదుల్లోకి వెళ్లలేక, భర్త రాకుండా గడప దాటలేక ఎందరో ఇళ్లలోనే ఉండిపోయారు. యూనిట్లలో మహిళల సంఖ్య సగానికి చేరడానికి మాత్రం దశాబ్దాలు పట్టింది. ఈ వ్యవస్థ చరిత్రలో పెద్ద లోపం ఇదే.

పశువులను వదిలి రామనేవారి కోసం ఎత్తైన మట్టి దిబ్బలు కట్టారు. వీటిని కిల్లాలంటారు. 2007లో తీవ్రమైన సిడర్ తుఫాను విరుచుకుపడినప్పుడు మరణాలు 1991 కంటే చాలా తక్కువగా, 3,400 దాకా ఉన్నాయి.

ఇదే బంగాళాఖాతం 1977 నవంబరు 19న ఆంధ్రప్రదేశ్‌లోని దివిసీమను ముంచి పది వేలకు పైగా ప్రాణాలు తీసింది. భారత్‌లో ఈ తరహా సేవలో చేరాలనుకునేవారికి జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ‘ఆపద మిత్ర’ పథకం కింద 12 రోజుల శిక్షణ ఇచ్చింది.