కళ్లంలో మొదలై కోటను తాకిన పోరు

పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ కౌలుకు చేసిన పొలం కోతకొచ్చింది. ఆ పంటను ఎత్తుకురమ్మని విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి తన మనుషుల్ని పంపాడు. ఆంధ్ర మహాసభ కార్యకర్తలు వాళ్లను తరిమికొట్టి, ధాన్యాన్ని ఐలమ్మ ఇంటికి చేర్చారు. చాకలి ఇంటి ఆడబిడ్డ పండించిన గింజలు దొర కోట అయిన గడీకి పోకుండా ఆగడం చుట్టుపక్కల ఊళ్లకు ధైర్యమిచ్చిన కబురు.

ఆ ధైర్యం అంత అరుదు మరి.

హైదరాబాద్ సంస్థానంలో దాదాపు పదో వంతు భూమి సర్ఫ్-ఎ-ఖాస్, అంటే నిజాం సొంతం. మరో 30 శాతం జాగీర్లు. మిగిలిన దివానీ, అంటే సర్కారు ఇలాకాలోనైనా రైతుకు ఊపిరాడిందా అంటే అదీ లేదు. ఒకప్పుడు శిస్తు వసూలుచేసి పెట్టిన దేశ్‌ముఖ్‌లు, దేశ్‌పాండేలు వేల ఎకరాలు తమ పేర రాయించుకున్నారు. దున్నేవాడు తన పొలంలోనే కౌలుదారయ్యాడు.

దానిపైన వెట్టి. చాకలి గడీ బట్టలుతకాలి, కుమ్మరి కుండలివ్వాలి, గొల్ల కురుమలు గొర్రెలివ్వాలి, మాదిగలు చెప్పులు కుట్టివ్వాలి. కూలి మాటెత్తితే దెబ్బలే. కరువు నెలల్లో నాగుకు తెచ్చిన గింజలను పంట చేతికి రాగానే వడ్డీతో కొలిచివ్వాలి.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక సర్కారు లెవీ, అంటే నిర్బంధ ధాన్య సేకరణ తోడైంది. పెద్ద భూస్వాములు ధాన్యం దాచి నల్లబజారులో అమ్ముకుంటే, అధికారులు చిన్న రైతుల గాదెలు ఊడ్చారు. దొర వెనుక నిజాం పోలీసులున్నారని జనం కళ్లారా చూసింది ఇక్కడే. దొరమీద కోపం రాజ్యంమీదికి మళ్లింది.

1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన భువనగిరిలో జరిగిన సభ తర్వాత ఆంధ్ర మహాసభ పల్లెల్లో ‘సంఘం’గా పాతుకుపోయింది. 1946 జులై 4న కడవెండిలో సంఘం ఊరేగింపుమీద విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపారు. దొడ్డి కొమరయ్య అనే కురుమ యువకుడు నేలకొరిగాడు. వెట్టి మానేసిన ఊళ్లు ఆ తర్వాత ఆయుధాలు పట్టాయి.

1948 సెప్టెంబరులో భారత సైన్యం రాకతో నిజాం పాలన ముగిసింది. భూమి తగవు తీరకపోవడంతో సాయుధ పోరు 1951 అక్టోబరు దాకా సాగింది. ఈలోగా 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950 కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారుకు సాగుహక్కు రాసిచ్చింది. పాలకుర్తి కళ్లంలో ఐలమ్మ అడిగిందీ ఆ హక్కే.